ముప్పై తగ్గించి రాసుకో

సంతలో పసుపు అమ్మే ఒక పెద్దమ్మకి నేను ముప్పై తగ్గించాను. వయసులో తగ్గించి ఉంటే ఆవిడ సంతోషించేదేమో. నేను తగ్గించింది బీపీలో. అదీ మందు ఇచ్చి కాదు, నోటిమాటతో. ఇంత సులువైన చికిత్స నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. దానివల్ల ఆవిడకేమైనా అయిందా లేదా అన్నది తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లోనే, నా ఒంట్లో ఉన్న ఒక చిన్న కణితి నా గణితాన్ని ఎలా తప్పించిందో కూడా తెలిసింది.

అరకులోయ దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నేను డాక్టర్ని. వారానికొకసారి సంతకు వెళ్తాం, నేనూ మా సిస్టరమ్మా. ఎండుచేపల వాళ్ళకీ అల్యూమినియం గిన్నెల వాళ్ళకీ మధ్య మాకు కాస్త చోటిచ్చారు. అక్కడ టార్పాలిన్ కట్టుకుని, బల్ల వేసుకుని కూర్చుంటాం. సిస్టరమ్మది హుకుంపేట వైపు. కొండ మీద మాట్లాడే భాషలు ఆవిడకి మూడు వచ్చు. నాకు వాటిలో ఒక్కొక్క దాంట్లో ‘నొప్పి ఎక్కడ’ అని అడగడం మాత్రం వచ్చు, జవాబు అర్థం చేసుకోవడం రాదు. కాబట్టి మా ఇద్దరిలో డాక్టరెవరో సంతకి కొత్తగా వచ్చినవాళ్ళు ఒక్కోసారి పొరపాటు పడుతుంటారు. పొరపాటు అంటున్నాను, మొహమాటానికి.

మొదటి వారం బీపీ మెషిను బల్లమీద పెట్టుకుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఒక్కరూ చెయ్యి చాపలేదు. ఆ పట్టీ బిగుసుకుంటే చేతిలో బలం లాగేస్తుందనీ, అల్లం తవ్వే రోజుల్లో ఆ ముచ్చట ఎందుకనీ వాళ్ళలో వాళ్ళు అనుకుంటున్నారని సిస్టరమ్మ చెప్పింది. ఇది ప్రమాదం లేని యంత్రమని నేను ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. విన్నవాళ్ళలో ఇద్దరు ఎండుచేపలు కొనుక్కోవడానికి వెళ్ళిపోయారు.

“ముందు మీరు కట్టుకోండి సార్,” అంది సిస్టరమ్మ.

కొండ మీద ఇదొక మర్యాద. జీలుగు కల్లు పోసే ఇంటాయన ముందు తను ఒక గుక్క తాగి, ఆ తర్వాతే అతిథికి ఇస్తాడు. ఇందులో ఏమీ లేదు, నేను తాగాను, నువ్వూ తాగు అని చెప్పడమన్నమాట. నోటితో చెప్పిన హామీని ఇక్కడ ఎవరూ లెక్కపెట్టరు. సరేనని చొక్కా చెయ్యి పైకి మడిచి పట్టీ కట్టుకున్నాను. చుట్టూ పదిమంది వంగి చూశారు. మెషిను కాసేపు ముక్కి మూలిగి అంకె చూపించింది: నూట అరవై ఎనిమిది, కింద వంద.

పెళ్ళి పందిట్లో పదిమంది ముందు ఎవరైనా మన పేరు తప్పుగా పిలిస్తే ఎలా చూస్తామో ఆ మెషిన్ని అలా చూశాను. నాకు బీపీ ఏమిటి? సిగరెట్టు లేదు, కల్లు మర్యాదకి ఒక గుక్క తప్ప లేదు, కొండలెక్కి దిగే ఉద్యోగం, నలభై ఎనిమిదేళ్ళకీ కాలేజీనాటి బెల్టు అదే కన్నంలో. కాబట్టి తప్పు మెషినుదే. ఘాట్ రోడ్డు మలుపులకి నాకే తల తిరుగుతుంటే దాని తల తిరగదా?

“ముప్పై ఎక్కువ చూపిస్తోంది,” అన్నాను. “అందరికీ పైది ముప్పై, కిందది పదిహేను తగ్గించి రాసుకో.”

“నాకు కడితే సరిగ్గానే సూపిస్తంది గదా సార్. నూట పది, డెబ్బయ్యి.”

“నీకు రక్తం తక్కువ. అందుకని.”

సిస్టరమ్మ నా వైపు ఒక్క క్షణం చూసింది. “రక్తం తక్కువైనోలకే మెషిను నిజం సెప్తదేటి సార్,” అంది.

నేను నవ్వేశాను. మంచి ప్రశ్న అడిగినవాళ్ళని నవ్వి పంపించేయడం మా వృత్తిలో పాత పద్ధతి. ఆవిడ స్కేలు తీసి రిజిస్టర్లో నిలువుగా ఒక గీత గీసి, ఒక వైపు ‘మెషిను లెక్క’ అనీ, రెండో వైపు ‘సారు లెక్క’ అనీ రాసుకుంది. చేతిరాత ఎంత పద్ధతిగా ఉందో అని మెచ్చుకున్నాను కూడా.

నా తర్వాత మొదట చెయ్యి చాపింది పసుపు పెద్దమ్మ. ఏడాదంతా ఏదో ఒకటి తెస్తుంది, పిప్పళ్ళు, అల్లం, ఎక్కువగా పసుపు. ముఖం మీదా చేతుల మీదా పచ్చబొట్లు. నెత్తిన బుట్టతో తెల్లారకముందే కొండ దిగుతుంది. మెషినుకి దూరంగా నిలబడ్డవాళ్ళందరినీ ఒకసారి చూసి, “బాబు కట్టుకున్నాడు, నాను కట్టుకుంటాను,” అని కూర్చుంది. మెషిను నూట డెబ్బయ్ రెండు చూపించింది. నేను ముప్పై తీసేశాను. నూట నలభై రెండు. ఈ వయసుకి పర్వాలేదనుకున్నాను.

పొద్దున్న లేవగానే తల వెనక బరువుగా ఉంటోందని చెప్పింది. బుట్ట మోతవల్ల అన్నాను. నాలుగు రోజులు మోత మానమన్నాను.

“నాను దించితే ఎవులు మోత్తారు బాబూ,” అని, “బాగుందా మరి?” అని అడిగింది.

“బాగుంది పెద్దమ్మా.”

“నువ్వు సూసి సెప్పినావు. ఇంక నాకేటి,” అని లేచి బుట్ట నెత్తిన పెట్టుకుంది.

ఆ రోజునుంచి ప్రతి సంతకీ అదే వరస. ముందు నేను కట్టుకోవడం, మెషిను నన్ను అవమానించడం, నేను దాన్ని క్షమించడం, తర్వాత అందరికీ ముప్పై తగ్గింపు. పక్కన గిన్నెల దుకాణంలో కూడా అంత తగ్గింపు ఇవ్వరు.

ఆ రోజుల్లో నా కాలి పిక్కలు పట్టేసేవి. కొండలెక్కుతున్నాను కదా అనుకున్నాను. రాత్రి రెండు మూడుసార్లు లేచేవాణ్ణి. అరకు చలి అనుకున్నాను. దాహం ఎక్కువగా ఉండేది, కాఫీ మీదకి తోశాను. సాయంత్రానికి ఒళ్ళు బరువెక్కేది, దాన్ని ఉద్యోగం ఖాతాలో వేశాను. ఒంట్లోంచి వచ్చిన ప్రతి ఫిర్యాదుకీ ఒక కొండ అడ్డం పెట్టి పంపించేశాను. ఇవే నాలుగు మాటలు ఒక రోగి వచ్చి నాకు చెప్పి ఉంటే, ‘ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు, మీకు నిర్లక్ష్యం’ అని కోప్పడి ఉండేవాణ్ణి. ఆ కోపం నాకు బాగా వచ్చు.

అక్టోబరులో పడ్డాను. అనంతగిరి వైపు కాఫీ తోటల్లోంచి ఒక పల్లెకి నడిచి వెళ్తున్నాం. వాన వెలిసింది, దారంతా జారుడు. వెనక వస్తున్న సిస్టరమ్మకి ఏ రాయి మీద అడుగు పెట్టాలో, ఏ రాయి మీద పెట్టకూడదో వెనక్కి తిరిగి వివరిస్తున్నాను. వివరణ పూర్తికాకముందే కింద కాఫీ మొక్కల్లో ఉన్నాను.

పైనుంచి సిస్టరమ్మ తొంగి చూసింది. “అక్కడ పెట్టొద్దని సెప్పి అక్కడే పెట్టేరు సార్,” అంది. తర్వాత దిగివచ్చి లేవదీసింది. పక్కటెముకలు ఊపిరి తీయనివ్వడం లేదు.

విశాఖపట్నంలో స్కాన్ తీశారు. పక్కటెముక ఒకటి చిట్లింది, దానంతట అదే అతుక్కుంటుందన్నారు. నేను చొక్కా వేసుకుంటుంటే, ఇంకొక సంగతి ఉందన్నారు. ఎడమ అడ్రినల్ గ్రంథిలో ఒక గడ్డ. రేగుపండంత.

కిడ్నీ నెత్తిన టోపీలా కూర్చుని ఉంటుంది ఆ గ్రంథి. ఇన్నేళ్ళూ అది టోపీ పెట్టింది కిడ్నీకి కాదు, నాకు.

హార్మోన్ల డాక్టరుగారు కాలేజీలో నాకు జూనియరు. ఒకప్పుడు నా నోట్సు తీసుకుని చదివింది. అందులో ఈ గ్రంథి గురించిన పేజీలు లేవని అప్పుడే చెప్పిందట, నాకు గుర్తులేదు. ఇలాంటి గడ్డలు వేరే దేనికో స్కాన్ తీస్తే బయటపడుతుంటాయని చెప్పింది. చాలావరకు ఊరికే కూర్చుని ఉంటాయి, ఏ పనీ చెయ్యవు. కొన్ని మాత్రం గుట్టుగా హార్మోను తయారుచేసి రక్తంలోకి వదులుతుంటాయి. స్కాన్‌లో చూస్తే రెండూ ఒకేలా ఉండొచ్చు. మనిషి కూడా బాగున్నాననే చెప్పొచ్చు. అందుకని గడ్డ కనబడితే చాలు, బాధ ఉన్నా లేకపోయినా అది ఉద్యోగంలో ఉందో ఖాళీగా ఉందో పరీక్ష చేసి తీరాలి.

“బీపీ ఎంతుంటుంది సర్?” అని అడిగింది.

“నార్మల్.”

“ఎవరు చూశారు?”

“నేనే. మా మెషిను ముప్పై ఎక్కువ చూపిస్తుంది, నేను తగ్గించుకుంటాను.”

ఆవిడ తన మెషిను తీసి కట్టింది. నూట డెబ్బయ్, నూట రెండు. అప్పుడు నేనొక మాట అన్నాను. దాచుకోవాలని ఉంది కానీ, రాయడానికి కూర్చున్నాక దాచి లాభం లేదు. “మీది కూడా ఎక్కువ చూపిస్తున్నట్టుంది,” అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళి పాత పాదరసం పెట్టె తెచ్చి, ఐదు నిమిషాలు నన్ను మాట్లాడకుండా కూర్చోబెట్టి, రెండు చేతులకీ కట్టి చూసింది. నూట అరవై ఎనిమిది.

“ఇంకో మెషిను తెప్పించనా సర్? మీకు నచ్చిన అంకె వచ్చేదాకా?”

నేను నవ్వాలని చూశాను. నవ్వు సగంలో ఆగిపోయింది. కళ్ళ ముందు మా రిజిస్టరు కనబడింది, నిలువు గీత, దానికి ఈ వైపు సారు లెక్క. మెషిను నిజం చెప్తోంది. మొదటి వారం నుంచీ చెప్తోంది. తప్పుగా ఉన్నది తూకం కాదు, తూకపు రాయి. ఆ రాయిని నేను. నా చేతిలో ఉన్న రోగాన్ని మెషినుకి అంటగట్టి, దాన్ని సంతలో అందరి లెక్కలోంచీ తీసేస్తూ వచ్చాను.

అక్కడినుంచే సిస్టరమ్మకి ఫోన్ చేశాను. రిజిస్టర్లో మెషిను లెక్క అలాగే ఉందా అని అడిగాను. ఉంది సార్ అంది. అదే నిజం, నాదే తప్పు అని చెప్పాను.

“తెలుసు సార్. మీకెలగ సెప్పాలో తెలీక గీత గీసినాను.”

ఎముక చిట్లినప్పుడు కూడా అంత నొప్పి రాలేదు. అందర్నీ మళ్ళీ పిలవమన్నాను, ముందు పసుపు పెద్దమ్మని. మెషిను లెక్కలో ఆవిడ అంకెలు అన్నిటికన్నా పైన ఉన్నాయి. తల వెనక బరువని చెప్పింది కూడా. నేను ఆ బరువుని బుట్టలో వేశాను.

తర్వాతి మూడు సంతల్లో పద్దెనిమిది మంది తిరిగి వచ్చారు. నా బదులు వచ్చిన కుర్ర డాక్టరు వాళ్ళకి మళ్ళీ చూసి, అవసరమైనవాళ్ళకి మందులు మొదలుపెట్టాడు. పసుపు పెద్దమ్మ ఒక్కతే రాలేదు. సిస్టరమ్మ కొండెక్కి వాళ్ళ పల్లెకి రెండుసార్లు వెళ్ళింది. తలుపుకి అడ్డంగా కర్ర పెట్టి ఉంది. చిన్నకూతురి పురిటికని ఒడిశా వైపు వెళ్ళిందన్నారు. ఆ ఊరు ఎటని అడిగితే ఇరుగుపొరుగు చెయ్యి చాపి కొండలవైపు చూపించారు. అటు కొండలు చాలా ఉన్నాయి. పెద్దమ్మకి ఫోన్ లేదు.

ఇక్కడ విశాఖపట్నంలో నా పరీక్షలు మొదలయ్యాయి. ఏ పరీక్షకి వెళ్ళినా నా మనసు ఆ కర్ర పెట్టిన తలుపు దగ్గరే ఉండేది. అయినా పరీక్షలు నన్ను వదల్లేదు.

మొదటిది, పడుకోబోయే ముందు ఒక చిన్న మాత్ర వేసుకుని పొద్దున్నే రక్తమివ్వడం. గడ్డ స్టిరాయిడ్ తయారుచేస్తోందా అని చూడటానికి. లేదు. రెండోది, గడ్డ అడ్రినలిన్ లాంటివి వదులుతోందా అని చూడటానికి, ఇరవై నాలుగ్గంటల మూత్రం. ఆ మాట నేను ఎంతమందికి చెప్పి పంపానో లెక్కలేదు. ‘రేపు పొద్దున్నుంచి ఎల్లుండి పొద్దున్నదాకా పట్టుకురండి’ అని ఒక్క వాక్యం. సరిగ్గా పట్టుకురాకపోతే కసిరేవాణ్ణి. ఆ వాక్యం నిజానికి ఐదు లీటర్ల క్యాను అని ఇప్పుడు తెలిసింది. మా ఆవిడ దాన్ని వంటింటి ఫ్రిజ్ ఛాయలకి కూడా రానివ్వలేదు. ఇంట్లో ఎటు వెళ్ళినా దాన్ని చంటిపిల్లలా చంకనేసుకుని తిరిగాను. సాయంత్రం ఆలోచనలో పడి ఒకసారి క్యాను మర్చిపోయాను. మర్నాడు మళ్ళీ మొదటినుంచి. చివరికి అందులోనూ ఏమీ లేదని తేలింది.

మూడోది పట్టుకుంది. పొటాషియం కాస్త తక్కువ. ఒంట్లో ఉప్పుని పట్టి ఉంచే ఆల్డోస్టిరాన్ అనే హార్మోను చాలా ఎక్కువ. మామూలుగా దానికి హుకుం ఇవ్వాల్సిన రెనిన్ అయితే దాదాపు లేనట్టే ఉంది. అంటే పైవాడు పని చెప్పకుండానే కిందివాడు పని చేసేస్తున్నాడు. ప్రభుత్వోద్యోగంలో ఇరవయ్యేళ్ళున్న నాకు ఇది జరిగే పనిలా అనిపించలేదు. నమ్మకం కుదరక, నాలుగు గంటలు ఉప్పునీళ్ళు ఎక్కించి మళ్ళీ చూశారు. అంత ఉప్పు అందితే ఏ హార్మోనయినా కాస్త సిగ్గుపడి తగ్గుతుంది. నాది తగ్గలేదు. మొండితనం వంశంలో ఉంది.

అయినా ఆ గడ్డే దోషి అని తేల్చేయకూడదట. గడ్డ ఎడమవైపు కనబడినా, పని చేస్తున్నది కుడివైపు గ్రంథి కావచ్చు. లేదా రెండూ కావచ్చు. అందుకని తొడ దగ్గరనుంచి సన్నని గొట్టం పంపి, రెండు గ్రంథుల సిరల్లోంచీ విడివిడిగా రక్తం తీశారు. ఒక అంకె చూసి, మెషినుదే తప్పని అరనిమిషంలో తీర్పు చెప్పినవాణ్ణి నేను. ఒక రేగుపండంత గడ్డమీద నేరం మోపడానికి వీళ్ళు ఆరువారాలు సాక్ష్యాలు పోగుచేశారు. ఎడమదే అని తేలింది.

“అసలు నాకు లక్షణాలే లేవు కదా,” అన్నాను జూనియరుతో, ఏదో ఒక గౌరవం మిగుల్చుకుందామని.

“లేవని ఎవరన్నారు సర్? పిక్కలు పట్టేశాయి, రాత్రుళ్ళు లేచారు, దాహమేసింది. మీరు లక్షణాలు లేని రోగి కాదు. ప్రతి లక్షణానికీ దగ్గర జవాబున్న రోగి.” కాగితాల మీద ఏదో రాస్తూ ఇంకో మాట కూడా అంది. “అలాంటివాళ్ళు మీ కొండల మీద కూడా ఉండే ఉంటారు.”

ఉన్నారు. ఒకావిడ జవాబుని నేనే తయారుచేసి ఇచ్చాను. ఆ సాయంత్రం కూడా ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తగానే, నేను అడగకముందే, “ఇంకా రానేదు సార్,” అంది సిస్టరమ్మ.

డిసెంబరులో మూడు చిన్న కోతలు పెట్టి గ్రంథిని తీసేశారు. బీపీ దిగింది, కానీ పూర్తిగా దిగలేదు. ఇన్నాళ్ళు ఆ ఒత్తిడి పడ్డ రక్తనాళాలు ఒక్కరోజులో మెత్తబడవు, రోజుకొక చిన్న మాత్ర వేసుకోవాలన్నారు. ఏ మాత్ర అని చీటీ చూసుకున్నాను. నేను సంతలో చాలామందికి రాసే మాత్రే అది. రాయవలసిన చాలామందికి రాయనిది కూడా అదే.

ఫిబ్రవరిలో తిరిగి ఉద్యోగంలో చేరిన రెండోరోజు, సిస్టరమ్మ నా గది గుమ్మంలో నిలబడింది. పెద్దమ్మ పల్లెలో పొగ లేచిందట, పసుపు ఉడకబెడుతున్నారట. వెంటనే బయల్దేరాం. జీపు వెళ్ళినంత దూరం వెళ్ళి, అక్కడినుంచి నడక.

“ఈసారి నాను సెప్తాను సార్, మీరు అడుగెయ్యండి,” అని ఆవిడ ముందు నడిచింది. ఆవిడ పెట్టిన రాయి మీదే పెట్టి, ఆవిడ వదిలిన రాయిని వదిలి, నోరు మూసుకుని ఎక్కాను. పడలేదు.

వాకిట్లో పెద్ద మూకుడు, కింద మంట, లోపల పసుపు కొమ్ములు కుతకుతలాడుతున్నాయి. పెద్దమ్మ పక్కన నిలబడి కర్రతో కలుపుతోంది. కుడిచేత్తోనే. నేను ముందు చూసింది ఆవిడ మొహం కాదు, ఆ చెయ్యి. అది తిరుగుతోంది. పక్షవాతం రాలేదనుకున్నాను.

“సన్నగైపోనావు బాబూ,” అంది నన్ను చూసి. అరుగు మీద కూర్చోబెట్టింది. సిస్టరమ్మ ఆవిడతో వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడి, మధ్యలో ఒకచోట ఆగిపోయి, “మీరే అడగండి సార్,” అంది.

ఒంట్లో ఎలా ఉంది పెద్దమ్మా అని అడిగాను. బాగానే ఉందంది. తర్వాత, పెద్ద విషయం కానట్టు, ఒకనాటి సంగతి చెప్పింది. కూతురింట్లో ఉన్నప్పుడు, వరికోతల రోజుల్లో, ఒక పొద్దున్న అంబలి చిప్ప చేతిలోంచి జారిపోయిందట. చెయ్యి లేవలేదట. నోటమాట కూడా సరిగా రాలేదట. వాకిట్లోకి ఎండ వచ్చేసరికి మళ్ళీ అన్నీ సర్దుకున్నాయట.

“డాట్రుకాడికి ఎల్లలేదా?”

“మా సిన్న గుంట ఎల్దామంది. నానే వద్దన్నాను. మన డాట్రుబాబు సంతలో సూసినాడే, బాగుందన్నాడే, ఇంక ఎల్లడమెందుకన్నాను.”

ఆవిడ నన్ను తప్పుపట్టడానికి ఆ మాట అనలేదు. నా మాట అక్కడిదాకా, ఒడిశాలో ఊరు తెలియని కొండదాకా, ఆవిడతో వెళ్ళిందని చెప్పింది అంతే. మంటలో కర్ర ఒకటి విరిగింది. నాకు ఏ చమత్కారమూ తోచలేదు.

“పెద్దమ్మా, ఆ రోజు మెషిను నిజమే చెప్పింది,” అన్నాను. “నేనే తప్పు చెప్పాను. నీకు బీపీ ఎక్కువుంది. నాకూ ఉంది. నాకున్న సంగతి నాకు తెలీక మెషినుది తప్పన్నాను. నీది తగ్గించి రాయించాను.”

అంత తెలుగు ఆవిడకి ఒక్కసారిగా అర్థంకాదేమోనని సిస్టరమ్మ వాళ్ళ భాషలో చెప్పింది. నేను చెప్పినదానికి రెండింతలు చెప్పింది. చుట్టూ చేరిన ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వారు.

“ఏం చెప్పావు?”

“మీరు సెప్పిందే సార్. కొంచెం వివరంగా.”

పెద్దమ్మ నవ్వలేదు. “నీకేటుంది?” అని అడిగింది. లోపల ఒక గడ్డ ఉండేదని, కోసి తీసేశారని చెప్పాను. చూపించమంది. అరుగు మీద నిలబడి చొక్కా ఎత్తాను. మూడు మచ్చలు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ వంతులవారీగా వచ్చి చూశారు. పెద్దమ్మ పసుపు వేలితో ఒక మచ్చని తాకి చూసింది. నిజమేనన్నట్టు తలాడించింది. ఉపన్యాసాలతో ఎప్పుడూ రాని నమ్మకం ఆ మచ్చతో వచ్చింది.

సిస్టరమ్మ మెషిను తీసింది. పెద్దమ్మ నా వైపు గడ్డం ఎత్తి చూపింది. ముందు నువ్వు అని. కట్టుకున్నాను. నూట ముప్పై నాలుగు, ఎనభై నాలుగు. “రెండు లెక్కలూ ఒకటే సార్,” అంది సిస్టరమ్మ, ఎవరితోనూ కాదన్నట్టు. తర్వాత పెద్దమ్మకి. నూట ఎనభై రెండు, నూట నాలుగు. సిస్టరమ్మ కలం ఆపి నా వైపు చూసింది.

“అలాగే రాయి,” అన్నాను.

మాత్ర తీసి ఇచ్చాను. పెద్దమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని, మళ్ళీ గడ్డం ఎత్తింది. సిస్టరమ్మ నవ్వు ఆపుకుంటోంది. ఒకరి మందు ఇంకొకరు మింగకూడదని చెప్పబోయాను. అంతలో గుర్తొచ్చింది, పొద్దున్న హడావిడిలో నా మాత్ర నేను వేసుకోలేదు. చొక్కా జేబులోంచి నా మాత్రల అట్ట తీశాను. అదే మాత్ర, అదే రంగు అట్ట. పెద్దమ్మ తన మాత్రనీ నా మాత్రనీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. సొరబుర్రలోంచి తను ఒక గుక్క నీళ్ళు తాగి, బుర్ర నాకిచ్చింది. నేను మింగాను. అప్పుడు ఆవిడ మింగింది.

ఆసుపత్రికి రమ్మంటే, పసుపు మంట మీదనుంచి దిగాకే వస్తానంది. మంట ఎగదోస్తూ గంటసేపు అక్కడే కూర్చున్నాను. బయల్దేరేటప్పుడు ఆవిడ అలవాటుగా బుట్ట అందుకోబోతే నేను లాక్కుని నెత్తిన పెట్టుకున్నాను. మొదటి మలుపుదాకా మోశాను. అక్కడ సిస్టరమ్మ నా నెత్తిమీదనుంచి దాన్ని తీసి తన నెత్తిన పెట్టుకుని ముందుకు నడిచింది. పెద్దమ్మ నా మెడ వంక జాలిగా చూసింది.

విశాఖపట్నంలో ఆవిడకి తలకి స్కాన్ తీయించాం. లోపల ఒక చిన్న మచ్చ ఉంది, అంబలి చిప్ప జారిన నాటి పక్షవాతానిది. అది పోదు. నాది పైకి కనబడే మచ్చ, ఆవిడది కనబడనిది, రెంటి వెనకా ఉన్నది ఆ గడ్డే. చెయ్యి బాగానే ఉంది, మాట బాగానే ఉంది. మందులు వాడుతోంది. నాలా ఆరువారాలు పరీక్షలు చేస్తే కానీ తేలనంత గుట్టు ఆవిడ బీపీలో ఏమీ లేదు. అది మొదటి రోజే తన అంకె తాను చెప్పింది.

మొన్న సంతలో మళ్ళీ వచ్చింది. నేను కట్టుకున్నాను, తర్వాత ఆవిడ. నూట నలభై రెండు. నాకు ఆ అంకె గుర్తుంది. ఒకప్పుడు నేను నోటితో తెచ్చిన అంకె. ఈసారి మాత్రతో వచ్చింది.

“బాగుందా?” అని అడిగింది.

సిస్టరమ్మ కలం రిజిస్టరు మీద ఆగింది.

“మునుపటికన్నా నయం పెద్దమ్మా. ఇంకా కొంచెం తగ్గాలి.”

పెద్దమ్మ లేచి పసుపు బుట్ట సర్దుకుంది. బుట్ట ఇప్పుడు సగమే నింపుతోంది.

“తగ్గించెయ్ మరి బాబూ,” అంది. “నీకు అలవాటే గదా.”